కూడిక నాటి మొదటి ముద్ద

జ్వరం నన్ను వదిలి మూడు నెలలు దాటింది. జుట్టు సగం రాలిపోయింది. బడి మెట్లు ఒక్కొక్కటే ఆగి ఆగి ఎక్కుతున్నాను. కోపం మాత్రం జ్వరంతో పాటు పోలేదు. పిల్లలకు ఎక్కాలు చెప్తూ చెప్తూ ఊరికే కసురుకుంటున్నాను, తర్వాత వాళ్ల ముఖాలు చూసి నన్ను నేను తిట్టుకుంటున్నాను. జరిగినదంతా ఒకచోట రాసిపెట్టుకుంటే మనసు కుదుటపడుతుందని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. ఆమె చెప్పినవన్నీ విన్నాను కాబట్టే బతికాను, ఇదీ విందామని కూర్చున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. విషజ్వరం దిగిన మనిషికి ఏం పెట్టకూడదో తెలియక మా ఇంట్లో జరిగింది ఇంకొకరి ఇంట్లో జరగకూడదు.

నా పేరు శాంతమ్మ. ఆ పేరు పెట్టినవాళ్లకు ముందుచూపు లేదు. నందికొట్కూరుకు దగ్గరలో ఒక పల్లెలో మిషను బడి పంతులమ్మను. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే అన్న ఇంటి పక్క గదిలో చేరాను. అన్నకు డోన్‌లో రైలు పట్టాల పని, వారానికి ఒకసారి ఇంటికి వస్తాడు. వదిన సుందరమ్మ ఉన్న రెండెకరాల జొన్న చేను చూసుకుంటుంది. వాళ్లకు ఒక్కతే కూతురు, కరుణ. పదిహేడేళ్లు. దానికి అక్షరాలు దిద్దించింది నేనే. కర్నూలులో పంతులమ్మ చదువు ముగించుకుని వచ్చింది, జూన్‌లో నా బళ్లోనే చిన్న తరగతులు తీసుకోవాల్సింది. దాని గొంతులో శ్రుతి ఉండేది కాదు. అయినా మా మిషను గుళ్లో అందరికంటే గట్టిగా పాడేది. నేను తొడ మీద గిల్లినా ఆపేది కాదు.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, ఫిబ్రవరి మొదట్లో దానికి జ్వరం తగిలింది. రెండు దినాలు చూసి, బండి కట్టుకుని నందికొట్కూరు దవాఖానాకు తీసుకుపోయాం. తెల్లవారి నుంచి వరండాలో కూర్చుంటే మధ్యాహ్నానికి మా వంతు వచ్చింది. అంతసేపూ కరుణ నా ఒళ్లో తలపెట్టుకుని పడుకుంది, మా ముందర మాత్రం ఎవరో పెద్దరైతు దగ్గు మందు కోసం వచ్చి కుర్చీలో కూర్చుని పొలం సంగతులు చెప్తూనే ఉన్నాడు. చివరికి కాంపౌండరు నాలుక చూసి, కడుపు నొక్కి, విషజ్వరం, ఇంగ్లీషులో టైఫాయిడు అన్నాడు. ఎర్రటి మందు ఒక సీసా ఇచ్చాడు. "జ్వరం ఉన్నన్ని దినాలు గంజినీళ్లు, పాలు. గట్టి తిండి పెట్టొద్దు" అన్నాడు. జ్వరం దిగినాక ఏం చేయాలో అతను చెప్పలేదు, మేమూ అడగలేదు. బతికితే చాలనుకునేవాళ్లకు బతికిన తర్వాతి సంగతి అడగాలని తోస్తుందా?

ఆ మూడు వారాలు ఇల్లు ఇల్లులా లేదు. మంచం పక్కన ఎవరు కూర్చోవాలన్న దానికి కూడా వదినకూ నాకూ మాటలు వచ్చాయి. నేను తడిగుడ్డ వేస్తే ఎక్కువ చల్లగా ఉందనేది, తను వేస్తే వెచ్చగా ఉందని నేననేదాన్ని. అన్న వచ్చినప్పుడు ఇద్దరం చెరో చెవిలో చెప్పేవాళ్లం, అతను ఎవరికీ జవాబు చెప్పకుండా కూతురి కాళ్లు పిసుకుతూ కూర్చునేవాడు. పక్కింటి ఖాసింబీ ఒక్కతే ఎవరి పక్షమూ మాట్లాడకుండా పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు మేకపాలు తెచ్చి గడప లోపల పెట్టి పోయేది. ఆమె పేరు కూడా ఎత్తకుండా మా గుడి సంఘంలో చాలామంది ఆ పాల గురించి నన్ను అడిగారు, శుభ్రంగా కాచినారా అని.

పద్దెనిమిదో దినం కరుణ నన్ను గుర్తుపట్టలేదు. నేను గుడికి పోయి మోకాళ్ల మీద కూర్చున్నాను. దీన్ని బతికిస్తే కృతజ్ఞత కూడిక పెట్టి సంఘమంతటికీ అన్నం పెడతానని ప్రభువుకు మాటిచ్చాను. ఇరవై రెండో దినం పొద్దున దాని ఒళ్లు చల్లబడింది. కళ్లు తెరిచి, "అత్తా, ఆకలైతాంది" అంది. ఆ మాట వినగానే నేను ఏడ్చాను. ఆకలంటే ఆరోగ్యం అనే మాకు తెలుసు.

మర్నాడే సంఘపెద్ద దానియేలప్ప వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి, గుడి తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరుగుతాడు. నా మొక్కు సంగతి అప్పటికే మూడు పల్లెలకు చెప్పి వచ్చాడు.

"శాంతమ్మా, బుధవారం నుంచి శ్రమల దినాలు. ఇంగ ఈస్టరు దాకా విందు చేసేదానికి లేదు. కూడిక పెట్టుకోవాలంటే మంగళవారమే" అన్నాడు.

వదిన పొయ్యి దగ్గరి నుంచే అంది, "ఈస్టరు అయినాకనే పెట్టుకుందాం లేప్పా. పాప ఇంకా కూర్చోలేకుండాది."

"మాట ఇచ్చినా వదినా. మన పనులకు వాయిదా వేసుకుంటాం సరే, దేవునికి కూడా వేద్దామా?" అన్నాను నేను. ఆ మాట అన్నందుకు అప్పుడు నాకు గర్వంగా కూడా ఉంది. వదిన పొయ్యి వైపు తిరిగింది. చదువుకున్నదాన్నని ఆమె ఎప్పుడూ నా మాటకు తగ్గేది, నేను ఎప్పుడూ తగ్గనిచ్చేదాన్ని.

మా పల్లెలో కృతజ్ఞత కూడికకు ఒక పద్ధతి ఉంది. ఎవరి కోసం కూడిక పెట్టారో వాళ్లు ముందు వరసలో కూర్చోవాలి. ప్రార్థన అయ్యాక సంఘపెద్ద చేతి మీదుగా విస్తరి అందుకుని మొదటి ముద్ద వాళ్లే తినాలి. వాళ్లు తినేవరకు ఎవరూ విస్తరి ముట్టరు. గంజి తాగితే కుదరదు. గంజి రోగులు తాగేది, ఇంకా రోగిగానే ఉంటే కృతజ్ఞత దేనికని అడుగుతారు. ఎప్పటినుంచో అలాగే జరుగుతోంది, ఎవరూ మార్చమని అడగలేదు.

మంగళవారం వరి అన్నం, పొట్టేలు కూర. వండింది వదినే. కూతురికి మాత్రం ఒక చిన్న గిన్నెలో గంజి తెచ్చి పక్కన పెట్టింది. ఆ గిన్నెను నేనే జరిపి అరుగు కింద పెట్టాను. దానియేలప్ప పొడుగాటి ప్రార్థన చేసి విస్తరి అందించాడు. కరుణ నా వైపు చూసింది.

"అత్తా, కడుపు నిండా తినొచ్చునా?"

"తిను పాపా. దేవుడు బాగు చేసినాడు గదా, ఇంగేం భయం" అన్నాను.

తింది. రెండోసారి కూర అడిగితే అందరూ సంతోషంగా నవ్వారు. స్తోత్రం, స్తోత్రం అన్నారు. వదిన నవ్వలేదు.

గురువారం పొద్దున కడుపు పట్టుకుంది. శుక్రవారం మధ్యాహ్నానికి కరుణ లేదు. మధ్యలో జరిగింది నేను రాయను, రాస్తే ఎవరికీ మేలు లేదు.

శవానికి నీళ్లు పోసేటప్పుడు కరుణ ఎడమ దండ మీద రవికె చేతి కింద ఒక పచ్చటి దారాన్ని దానియేలప్ప భార్య చూసింది. పద్దెనిమిదో దినం నేను గుళ్లో మొక్కుకుంటుంటే, వదిన ఖాసింబీతో దర్గాకు పోయి ఆ దారం తెచ్చి కట్టిందట. దానియేలప్ప భార్య దాన్ని కత్తిరించి అరచేతిలో పెట్టుకుని బయట కూర్చున్న ఆడవాళ్లందరికీ చూపించింది. పెట్టె మూత వేయకముందే ఊరంతా తెలిసింది. దేవుడు బాగు చేశాడు, తల్లి అవిశ్వాసం చూసి తీసుకున్నాడు. ఎంత తేలికగా లెక్క కుదిరిందో.

మర్నాడు మా సంఘం పాస్టరు అయ్యగారు నందికొట్కూరు నుంచి వచ్చారు. దానియేలప్ప ఆయనకు అంతా చెప్పాడు. ప్రభుభోజనం నుంచి, అంటే గుళ్లో పంచే రొట్టె, ద్రాక్షరసం నుంచి వదినను కొంతకాలం ఆపుతున్నామని, పశ్చాత్తాపపడి అడిగితే మళ్లీ చేర్చుకుంటామని అన్నారు. వదిన వాదించలేదు. "నేను కట్టిన దారమే నా బిడ్డను తీసకపోయినాది" అంది. నేనేం చేశానో కూడా రాయాలి. ఆమె పక్కన కూర్చుని, "ఎందుకు కట్టినావు వదినా, నాతో ఒక మాట చెప్పలేకపోయినావా" అని అడిగాను. ఓదార్చవలసిన నోటితో నిలదీశాను.

తర్వాత ఓదార్పులు మొదలయ్యాయి. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వచ్చేవాళ్లు నోరు తెరవకుండా కూర్చుంటే ఎంత మేలో ఎవరైనా వాళ్లకు చెప్పాలి. మంచివాళ్లను ప్రభువు త్వరగా పిలుచుకుంటాడని ఒకామె దానియేలప్ప ఎదుటే అంది. మరి డెబ్బై ఏళ్లుగా ఈయనను ఎందుకు పిలవలేదని అడగాలని నాలుక దాకా వచ్చింది. పరలోకంలో పాటకత్తెలు తక్కువై తీసుకున్నాడని ఇంకొకామె అంది. దాని పాట విన్నదే అయితే ఆ మాట అనేది కాదు. పెళ్లి ఖర్చు తప్పిందని అన్నకు చెప్పిన ఒక పెద్దమనిషి కూడా ఉన్నాడు. అన్న అందరికీ ఒక్కటే చెప్పేవాడు, "దేవుని చిత్తం." ఖాసింబీ వచ్చింది గానీ మాట్లాడలేదు. వదిన తల ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుని పోయింది. దారం ఆమె ఇప్పించిందని తెలిసినవాళ్లు ఆమె వైపు చూసిన చూపులకు మళ్లీ చాలా దినాలు మా గడప తొక్కలేదు.

మార్చి నెల చివర్లో నాకు తలనొప్పి, చలి. కరుణ పక్క బట్టలు ఉతికినదాన్ని నేనే. నందికొట్కూరు వరండా మీద నాకు నమ్మకం పోయింది. అన్న సెలవు పెట్టి కర్నూలులో ఒక మిషను ఆసుపత్రికి తీసుకుపోయాడు. బండి మీద ఆ దారి అంతా ఎండ. నేను దారిపొడుగునా బండివాణ్ణి, ఎద్దులను, అన్నను, గుంతలను తిట్టానని తర్వాత చెప్పాడు. నాకేమీ గుర్తు లేదు.

గుర్తున్నంతవరకు ఆ వార్డు పొడుగాటి హాలు, పన్నెండు మంచాలు, పైన కిటికీ దగ్గర పావురాలు. నాకు చావు భయం ఎక్కువ కలగలేదు. పదిహేడేళ్ల పిల్లను తీసుకుని నలభై రెండేళ్ల దాన్ని, ఎవరికీ పెద్దగా అవసరం లేనిదాన్ని మిగిల్చితే ఆయనకు లెక్కలు రావని అనుకునేదాన్ని. అది ప్రార్థనో దూషణో నాకు తెలియదు. ఎవరూ వినకుండా ముసుగులో గొణుక్కునేదాన్ని. ఒకసారి పెద్దగానే అన్నానేమో, పక్క మంచం ముసలామె, "ఎవరినమ్మా అట్ల తిడతాండావు, మీ ఆయననా?" అని అడిగింది.

మా వార్డు నర్సమ్మది కడప. ఒడ్డు పొడుగు ఉన్న మనిషి, మాట గరుకు. దానియేలప్ప మరో నలుగురితో వచ్చి నా మంచం చుట్టూ నిలబడి గొంతెత్తి పాడి, నాకని తెచ్చిన బత్తాయిలు వాళ్లే తిని, ఇంకో పాట మొదలుపెడుతుంటే వచ్చింది. "దేవునికి చెవుడు లేదప్పా. ఈడ రోగులు ఉండారు, బయటికి పోయి పాడుకోండి" అంది. నెల రోజుల్లో నేను మొదటిసారి నవ్వాను.

ఈస్టరు వారంలో నాకు జ్వరం దిగింది. దిగిన రెండో దినానికి ఆకలి మొదలైంది. అది మామూలు ఆకలి కాదు. గోడ సున్నం చూసినా నోరూరేది. పాలు, వడగట్టిన గంజినీళ్లు తప్ప నర్సమ్మ ఏమీ ఇచ్చేది కాదు. బతిమాలాను, కోప్పడ్డాను, మిషను బడి పంతులమ్మనని కూడా చెప్పుకున్నాను. ఐదో దినం పక్క మంచం ముసలామె జాలిపడి జొన్నరొట్టె ముక్క నా దుప్పటి కింద పెట్టింది. నోట్లో పెట్టుకున్నానో లేదో నర్సమ్మ వచ్చి దవడ పట్టుకుని వేలు పెట్టి ఆ ముక్క బయటికి లాగేసింది.

"చావాలని ఉండాదా?" అంది.

"జ్వరం దిగి ఐదు దినాలైంది. ఆకలితోనే చంపుతాండావు నువ్వు" అన్నాను.

ఆమె మంచం అంచున కూర్చుంది. "విను. జ్వరం దిగినా లోపల పేగుకు పుండ్లు ఉంటాయి. అవి మానేదానికి ఇంకా పది, పన్నెండు దినాలు పడతాది. ఈ లోపల ఆకలి శానా అయితాది. అప్పుడు గట్టి తిండి పెడితే పేగు తూటు పడతాది. జ్వరంలో పోయినోళ్ల కంటే బాగయినారని అన్నం పెట్టి పోగొట్టుకున్నోళ్లనే నేను ఎక్కువ చూసినా."

"తూటు పడితే ఏమైతాది?"

"కడుపు పట్టుకుంటాది. ఆ తర్వాత మేం కూడా ఏం చేయలేం."

"తిన్న రెండు దినాలకా?"

ఆమె నా వైపు తేరిపార చూసింది. "ఎవరికమ్మా?"

"మా అన్నకూతురికి."

"ఎవరు పెట్టినారు?"

"నేను" అన్నాను.

దేవుని చిత్తం అని ఆమె అనలేదు. నీ తప్పు లేదని కూడా అనలేదు. దుప్పటి సరిచేసి కాసేపు నా చేయి పట్టుకుని కూర్చుంది. అవతల ఎవరో పిలిచారు, "వస్తాండా" అని కేకేసి కూడా లేవలేదు. నాకు ఇంతవరకు దొరికిన ఓదార్పుల్లో అదే పెద్దది.

ఆ తర్వాత పది దినాలు గంజినీళ్లు అడగకుండా తాగాను. ప్రతి గుక్కా ఆ అరుగు కింద పెట్టిన గిన్నెను గుర్తుచేసేది. దారం చంపలేదు. అవిశ్వాసం చంపలేదు. దేవుడు విందుకు తొందరపెట్టలేదు, తొందర నాది. ఈస్టరు దాకా ఆగుదామన్న ఒక్క మనిషినే మేమంతా కలిసి దోషిని చేసి కూర్చోబెట్టాం. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ముందు గోడ వైపు తిరిగి పడుకున్నాను.

అన్న చూడటానికి వచ్చినప్పుడు చెప్పాను. అతను తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకుని అంతా విన్నాడు.

"వదినకు చెప్పాల అన్నా. గుళ్లో అందరికీ చెప్పాల."

"వద్దు" అన్నాడు.

"ఆమె అన్నం తింటాందా?"

"యాడ తింటాంది. పొద్దు మునిగినాక ఒక ముద్ద."

"దారం కట్టి చంపుకున్నా అనుకుంటాంది అన్నా ఆమె."

అన్న నా ముఖం చూడలేదు. "దేవుని చిత్తం అనుకుని నేను పట్టాల మీద పనికి పోతాండా శాంతా. ఆ మాట మీదనే లేస్తాండా, ఆ మాట మీదనే పడుకుంటాండా. ఒక గిన్నె గంజి తాపి ఉంటే బతికేదని ఇప్పుడు చెప్తే నేను యాడికి పోవాల?"

అన్న పట్టుకున్న కర్ర లాగేయకుండా వదినను లేపే దారి ఏదో ఉంటుందని ఆసుపత్రిలో మిగిలిన దినాలన్నీ వెతికాను. అలాంటిది లేదు. దొరకని దారి వెతికించినందుకు ప్రభువుతో మళ్లీ పోట్లాడాను.

జూన్ మొదట్లో ఇంటికి వచ్చాను. మొదటి ఆదివారం ప్రభుభోజనం ఇవ్వడానికి అయ్యగారు వచ్చారు. గుడి నిండింది. ఆపబడినవాళ్లు వెనక తలుపు దగ్గర కూర్చుని రొట్టె పంచకముందే లేచి పోవాలి. వదిన అక్కడ కూర్చుంది, పెద్ద నేరస్తురాలిలా తల దించుకుని. అన్న మగవాళ్ల వైపు మూడో వరసలో ఉన్నాడు. ప్రసంగం అయ్యాక దానియేలప్ప లేచాడు.

"మన పంతులమ్మను ప్రభువు మరణపడక నుంచి లేపినాడు. ఇప్పుడు ఆమె సాక్ష్యం చెప్తుంది. వచ్చే మంగళవారం ఆమె కోసం కృతజ్ఞత కూడిక కూడా పెట్టుకుందాం" అన్నాడు.

నన్ను ఒక్క మాట అడగలేదు. మళ్లీ మంగళవారమే. నేను లేచి నిలబడ్డాను.

"నాకు కూడిక వద్దు పెద్దప్పా. గంజినీళ్లు తాగి, ఒక నర్సమ్మ పట్టుదలతో బతికినా. ఆ రెండూ దేవుడు ఇచ్చినవే. కరుణకు కూడా గంజి ఇచ్చినాడు, వాళ్లమ్మ చేత్తో. ఆ గిన్నెను తీసి పక్కన పెట్టినది నేను. జ్వరం దిగినాక అన్నం పెడితే పేగు తూటు పడతాదంట, ఆసుపత్రిలో చెప్పినారు. దారం వల్ల పోలేదు మా పాప. మొక్కు తీర్చుకోవాలని నేను పడిన తొందర వల్ల పోయినాది. వాళ్లమ్మ ఆగుదామన్నాది. నేను ఆగలేదు."

దానియేలప్ప చేయెత్తి ఆపాడు. "ఇది సాక్ష్యం కాదమ్మా. కూర్చో."

"చూసినదే చెప్తాండా అప్పా. విస్తరి నీ చేత్తోనే ఇచ్చినావు, నీకు తెలుసు."

అది అనకుండా ఉండాల్సింది. ముసలాయన పక్కనున్నవాళ్లను పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. నాకు ఆయన మీద జాలి కలిగింది, ఆ జాలి మీద మళ్లీ చిరాకు కలిగింది. అయ్యగారు నెమ్మదిగా లేచి, సుందరమ్మను ఆపింది పొరపాటని, ఆమె ఈ దినమే ప్రభుభోజనానికి రావచ్చని అన్నారు. అందరం వెనక్కి తిరిగి చూశాం. తలుపు దగ్గర వదిన లేదు. నేను మాట్లాడుతుండగానే లేచి వెళ్లిపోయిందట. అన్న కూడా లేచి, నా వైపు చూడకుండా ఆమె వెనకాల పోయాడు. నేను ఆ దినం రొట్టె తీసుకోలేదు.

నిజం చెప్తే గుండె బరువు దిగుతుందని బోధించేవాళ్లు ఎప్పుడైనా చెప్పి చూశారో లేదో నాకు అనుమానం. మూడు వారాలు వదిన నాతో మాట్లాడలేదు. మధ్య గోడకు అవతల ఆమె పొయ్యి ఊదుకునే చప్పుడు వినబడేది, నన్ను పిలిచేది కాదు. అన్న పనెక్కువగా ఉందని డోన్ నుంచి కబురు పంపి ఇంటికి రావడం మానుకున్నాడు. దానియేలప్ప మాత్రం రెండో ఆదివారం లేచి, ఇకమీదట కృతజ్ఞత కూడికలో మొదటి ముద్ద గంజి అయినా ఫరవాలేదని, డాక్టరు చెప్పేవరకు అన్నం పెట్టొద్దని ప్రకటించాడు. ఎవరి పేరూ ఎత్తలేదు. తనకే కొత్తగా తోచినట్టు చెప్పాడు. నేను నోరు మూసుకుని విన్నాను. ఆ ప్రకటన నాకు కావలసిందే, ఆయన పేరు మీద వచ్చినా సరే.

జూన్ చివర్లో ఒక శనివారం, బడి లేదు. మధ్యాహ్నం వదిన కొడవలి చేత పట్టుకుని నా గడప ముందు నిలబడింది. మనిషి సగమైంది.

"మేకలు పాప మీదికెక్కి తొక్కుతాండాయి. కంప కొట్టుకొద్దాం రా" అంది.

వంక గట్టున ముళ్లకంప కొట్టి, తాడు కట్టి, ఇద్దరం ఈడ్చుకుంటూ సమాధుల దగ్గరికి తెచ్చాం. నాకు మధ్యమధ్యలో ఆయాసం వస్తే ఆమె ఆగేది. సమాధి మీద మట్టి నిజంగానే డెక్కలతో గుంతలు పడి ఉంది. చేతులతో సరిచేసి చుట్టూ కంప నాటాం. పని అయ్యాక కూడా వదిన లేవలేదు.

"ఆ పొద్దు గుళ్లో నువ్వు చెప్తాంటే నాకు శానా కోపం వచ్చినాది" అంది.

"రాకుండా ఎట్లుంటాది వదినా. నేను చేసినది అట్లాంటిది."

"నువ్వు అన్నం పెట్టినందుకు కాదు. వండినది నేను. తెలిసి పెట్టినామా?" కొడవలి పక్కన పెట్టింది. "నాలుగు నెలల నుంచి నేను నా దారం తలుచుకుని ఏడ్చినా. ఆసుపత్రి నుంచి వచ్చి నువ్వు నీ తప్పు తలుచుకుని ఏడ్చినావు. మీ అన్న దేవుని చిత్తం అంటా నోరు మూసుకున్నాడు. ఊరోళ్లు ఎవరిది తప్పని మాట్లాడుకున్నారు. పాప కోసం ఎవరు ఏడ్చినారు శాంతా?"

నేను వంగి, సరిచేసిన మట్టినే మళ్లీ సరిచేశాను.

వదిన అంది, "చదువు అయిపోయి వచ్చిన పొద్దు చూసినావా దాన్ని? కొత్త చెప్పులు అరిగిపోతాయని చంకలో పెట్టుకుని, మన ఊరి మలుపు తిరిగినాక వేసుకుని వచ్చినాది. కాళ్లకు అంతా దుమ్ము."

"పొక్కులు కూడా లేచినాయి. నాకు చూపించి, అమ్మకు చెప్పొద్దు అత్తా అన్నాది."

"నాకు తెలుసు" అంది వదిన, నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగింది. నేను ఆమెను పట్టుకున్నాను, ఆమె నన్ను పట్టుకుంది. ప్రార్థన ఎవరూ చేయలేదు. ప్రభువు కూడా ఒకసారి సమాధి దగ్గర నిలబడి ఏడ్చాడని చిన్నప్పటినుంచి వింటూనే ఉన్నాను, ఆ మధ్యాహ్నం నాకు అంతవరకు చాలనిపించింది. ముళ్లు గీరుకున్న చేతులతో ఇద్దరం ఆ మట్టిలోనే కూర్చుని కరుణను పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాం. అది పోయిన తర్వాత దాని కోసం ఏడవడం అదే మొదలు.